ఇంటికుక్క తిండిపద్దు

ముంబయికి పోవు పెద్దదారి వెంబడి రామచంద్రాపురము, పటాన్‌చెరు, ఇస్నాపూరు దాటి సంగారెడ్డి చేరువరకు కాలనీలు పెరిగిన కొలదియు ఇంటికుక్కలును పెరిగినవి. భర్త పాశమైలారమునకో బొల్లారమునకో రాత్రి షిఫ్టునకు పోయిన యింట పిల్లలతో నొంటరిగ నుండు ఇల్లాలికి గుమ్మములో కుక్క యొకటి యుండుట కొండంత ధైర్యము. అయితే ఆ కుక్కకు నెలకెంత వెచ్చించవలెను, ఏమి పెట్టవలెను అను విషయమున మన గృహిణులకు చెప్పువారు తక్కువ. దుకాణదారుడు చెప్పును గాని, యతడు తన యొద్ద నున్న మూటను గూర్చి చెప్పును.

మన పెద్దలు కుక్కకై వేరుగ వండినవారు గారు. మిగిలిన జొన్నరొట్టెయో, గంజియో, పెరుగన్నమో వాకిట బెట్టెడివారు. కుక్కలు బ్రదికినవి. "ఆనాడు లేని మూటలు ఈనాడేల?" అని అత్తగా రడిగినచో కోడలు బదులు చెప్పజాలదు. బదులు గలదు. ఆనాటి కుక్కకు మనము పెట్టినది సగమే. తక్కిన సగము అది పొలములలో ఎలుకను బట్టియు, కటికవాని యంగడి ముందు బొమికెలు నమలియు తానే సమకూర్చుకొనెడిది. నేడు రెండుగదుల ఇంటిలో గొలుసున కట్టబడిన కుక్కకు మన మేది పళ్ళెములో వేసితిమో అదియే సర్వస్వము. అందులో లేనిది దాని యొంటికి రాదు. ఈ భేదమును గమనించినచో తక్కిన పద్దంతయు సులభముగ దెలియును.

దీనివలన ముందుగ జెడునవి కుక్కపిల్లలు. రెండు నెలల పిల్లను దెచ్చి, గేదెపాలలో గ్లూకోసు బిస్కట్లు నానవేసి పెట్టుచుందురు. కొంచెము పెరిగిన పిదప పెరుగన్నమునకు మార్చెదరు. పిల్ల బొద్దుగ నుండును గనుక అందరును సంతోషింతురు. నాల్గవ నెలలోనో, అయిదవ నెలలోనో ముంగాళ్ళు విల్లువలె వంగును, మణికట్లు ఉబ్బును, మెట్టెక్కుటకు మొరాయించును. అన్నములో మాంసకృత్తులు స్వల్పము, సున్నము అంతకన్న స్వల్పము. కొందరు దీనికి విరుద్ధముగ కేవలము కోడిమాంసమును, కార్జమును బెట్టుదురు. ఎముకలేని మాంసములో భాస్వరము మెండు, సున్నము మిక్కిలి తక్కువ. రక్తమునకు వలసిన సున్నమును శరీరము తన యెముకలనుండియే తీసికొనును. ఇంకొక విశేష మేమన, మనకువలె ఎండలో నిలిచిన మాత్రమున కుక్కచర్మమునందు డి విటమిను తగినంత పుట్టదు. అది తిండిలోనే రావలెను. కావున డాబామీద ఎండలో గట్టివేయుట దీనికి వైద్యము గాదు.

వంగిన యెముకను సరిచేయుటకు పెట్టు ధనము, తిండికి బెట్టు ధనముకన్న ఎన్నియో రెట్లధికము. పెట్టినను పూర్తిగ సరియగునన్న నమ్మకము లేదు. అందుచేత నా అభిప్రాయ మేమనగా, కుక్కకై ధనము వెచ్చింపదలచినచో మొదటి సంవత్సరమునందు వెచ్చింపవలెను, పొదుపు చేయదలచినచో పిమ్మట చేయవలెను. మనలో జరుగునది తరచుగ దీనికి తలక్రిందులు. పిల్ల చిన్నది గదా యని బిస్కట్లతో సరిపుచ్చి, అది పెద్దదైన తరువాత ఖరీదైన మూటలు తెచ్చుచుందురు.

కుక్కపిల్ల తన బరువునుబట్టి చూచినచో పెద్దకుక్కకన్న దాదాపు రెట్టింపు శక్తిని గోరును. కావున దాని కొరకు కొను మూటపై మూడు సంగతులు చూడుడు. మొదటిది, ఆ తిండి ఎదుగు పిల్లలకు సంపూర్ణాహారమని స్పష్టముగ వ్రాసియుండవలెను. ఏదో రుచికి కలుపుకొను తిండియని యుండరాదు. రెండవది మాంసకృత్తుల పాళ్ళు. అమెరికాదేశమున ఆఫ్కో యను పశ్వాహారాధికారుల సంఘ మొకటి గలదు. దాని కొలతల ప్రకారము తేమ తీసివేసిన తిండిలో పిల్లలకు నూటికి 22.5 పాళ్ళు, పెద్దకుక్కలకు 18 పాళ్ళు తక్కువ గాకుండ మాంసకృత్తు లుండవలెను. క్రొవ్వు పిల్లలకు 8.5, పెద్దవానికి 5.5. ఎండుతిండిలో నూటికి పదిపాళ్ళు తేమ యుండును గనుక, పిల్లల మూటపై మాంసకృత్తులు 20కి లోపుగ నున్నచో దానిని దించివేయవచ్చును. మూడవది తయారైన తేది. ఇట్టి సంపూర్ణాహారము బెట్టుచు దానిపై కాల్షియము మందు పోయుట మన ప్రాంతమున అలవాటైనది. లాబ్రడారు, జర్మను షెపర్డు వంటి పెద్దజాతుల పిల్లల కిది మేలు గాదు, కీడు. సున్నము మించినను ఎముకలు చెడును.

ఇక వెల సంగతి. ఎండుతిండి కంతటికి మన వీధులలో పెడిగ్రీ యని పేరు. ఒక సంస్థ పెట్టిన పేరే ఆ వస్తువునకు పేరై పోయినది. ఆ మార్స్ సంస్థవారి కర్మాగారము మన పొరుగున సిద్దిపేట జిల్లాలోనే యున్నది. పొరుగున నున్నందున మనకు చౌకగ నిత్తురని కాదు! దుకాణములో పదిరకముల మూటలుండగా ఏది చౌక? మూటమీది వెలనుజూచి నిర్ణయించువారు మోసపోవుదురు. ఒక దినమునకు కుక్క కెంత వెల తిండి పట్టునో అదియే నిజమైన వెల.

లెక్క కష్టము గాదు. శస్త్రముచేసి సంతానము కాకుండ జేయబడిన 15 కిలోల నాటుకుక్కకు దినమునకు దాదాపు 850 కేలరీల శక్తి కావలెను. మూటపై కేలరీలు వ్రాసియున్న సరియే. వ్రాసియుండనిచో మాంసకృత్తుల పాళ్ళను మూడున్నరచేతను, క్రొవ్వును ఎనిమిదిన్నరచేతను, పిండిపదార్థమును మూడున్నరచేతను హెచ్చించి కూడినచో నూరు గ్రాములకు కేలరీలు దెలియును. పిండిపదార్థము మూటపై నుండదు. నూటిలోనుండి మాంసకృత్తులు, క్రొవ్వు, పీచు, తేమ, బూడిద తీసివేయగా మిగులునదే అది. బూడిద వ్రాయనిచో ఎనిమిది యనుకొనుడు.

ఉదాహరణమునకు కిలో 200 రూపాయల మూట యొకటి: మాంసకృత్తులు 20, క్రొవ్వు 10, పీచు 5, తేమ 10, బూడిద 8. పిండిపదార్థము 47 మిగిలినది. నూరు గ్రాములకు దాదాపు 320 కేలరీలు. దినమునకు 266 గ్రాములు పట్టును. వెల 53 రూపాయలు. రెండవది కిలో 230 రూపాయలు: మాంసకృత్తులు 24, క్రొవ్వు 16, పీచు 4, తేమ 10, బూడిద 7. నూరు గ్రాములకు 356 కేలరీలు. దినమునకు 238 గ్రాములు. వెల 55 రూపాయలకు లోపు. కిలోకు 30 రూపాయల భేదము నెలకు 50 రూపాయలు మాత్రమే యైనది. ఆ 50 రూపాయలకు మాంసకృత్తులు, క్రొవ్వు హెచ్చుగ వచ్చినవి. ఈ వెలలు లెక్కకై నేను వేసికొన్నవి; మీ యూరి వెలలు వేసి చూచుకొనుడు. పులుసుతో గూడిన మెత్తని తిండి చిన్నసంచులలో అమ్ముదురు. అందు నూటికి 75 పాళ్ళకు మించి నీరే. సంచి యొకటి తరచుగ నూరు కేలరీలకు లోపు. అట్టివి పదియైనను 15 కిలోల కుక్కకు దినభత్యము గాదు. జబ్బుపడి తినని కుక్కకు ఆశ పుట్టించుటకు అవి మంచివే; నిత్యభోజనమునకు గావు.

పెద్దమూట విప్పి విడిగా కిలోల లెక్కను అమ్ము దుకాణములు కాలనీలలో గలవు. నెలజీతము చేతికి రాకమున్నే తిండి అయిపోయినప్పుడు అచట కొనుట సహజము. అయినను విప్పిన మూటలో క్రొవ్వు గాలికి చెడి కమురువాసన కొట్టును. వానకాలమున తేమ పీల్చి బూజు పట్టును. బూజును తేలికగ దలపరాదు. మొక్కజొన్నలు, వేరుసెనగలు మొదలగువాటిపై పెరుగు బూజు అఫ్లటాక్సిన్ అను విషమును బుట్టించును. అది కాలేయమును పాడుచేయును. కుక్కలు దానికి మిక్కిలి సులభముగ లోబడును. మన పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధనాలయమువారు వేరుసెనగలో ఈ విషమును తక్కువ ఖర్చుతో కనిపెట్టు విధానములపై ఏండ్ల తరబడి పనిచేసిరి. అమెరికాలో 2020 డిసెంబరు, 2021 జనవరి మాసములలో ఒక సంస్థవారి కుక్కతిండిలో ఈ విషము హద్దుమీరి యుండుటచేత 110కి పైగా కుక్కలు చనిపోయినట్లు అచటి ప్రభుత్వశాఖ ప్రకటించినది. కాగితములో పొట్లము గట్టించుకొను తిండికి తేదియు లేదు, పేరును లేదు. మీ కుక్క నెలన్నరలో తినగల పరిమాణపు మూటనే కొని, మూటతోనే మూతగల డబ్బాలో నుంచి, వాడినకొలది బిగించుచుండుట మేలు. ఇంటిలో బూజుపట్టిన రొట్టెముక్కను, ముక్కవాసన వచ్చు వేరుసెనగలను "కుక్క తినునులే" యని వేయువారికిని ఇదే మాట.

ఖరీదైన మూటలపై ధాన్యరహితమని పెద్దయక్షరములతో వ్రాసియుండును. దానికై ఎక్కువ సొమ్మియ్య నవసరము లేదు. 2013లో స్వీడను పరిశోధకులు కుక్కల జన్యువులను తోడేళ్ళ జన్యువులతో బోల్చి, పిండిపదార్థమును జీర్ణింపజేయు శక్తి మనుష్యుని గుమ్మమునకు జేరిన కుక్కకు హెచ్చినదని చూపిరి. మన జొన్నయు సజ్జయు బాగుగ ఉడికించినచో కుక్కకు పడును. పైగా 2018లో అమెరికా ప్రభుత్వశాఖవారు, ధాన్యమునకు బదులు బటానీలు, పప్పులు ఎక్కువగ జేర్చిన తిండి తిను కుక్కలలో గుండెజబ్బు కనబడుచున్నదని హెచ్చరించిరి. ఆ సంబంధ మింకను పూర్తిగ తేలలేదు; తేలనిదానికి ఎక్కువవెల యేల?

ఏడాది నిండిన ఆరోగ్యవంతమైన కుక్కకు ఇంటివంట పెట్టదలచువారు అనేకులు గలరు. నే నందుకు విరోధిని గాను. కాని ఊహపై వండరాదు. 2013లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పశువైద్యులు పుస్తకములలోను, ఇతరత్రను దొరకు 200 ఇంటివంటకములను పరీక్షింపగా, ఆఫ్కో కొలతలన్నిటికి సరిపోయినవి తొమ్మిది మాత్రమే! చదువుకొన్నవారు వ్రాసిన వంటకముల గతియే యట్లున్నచో, చేతికి వచ్చినది కలుపు వంటకము సంగతి చెప్పనేల?

15 కిలోల కుక్కకు ఒక దినమునకు సుమారు కొలతలు వ్రాయుచున్నాను. ఎముకలేని కోడిమాంసము, గుండెలు, కందనకాయలు కలిపి పచ్చివి 200 గ్రాములు. వీనిలో మాంసముకన్న తక్కిన రెండును అంగళ్ళలో సాధారణముగ చౌక. కార్జము 20 గ్రాములు. ఇంతకు మించి నిత్యము పెట్టినచో ఏ విటమిను హెచ్చై కీడు చేయును. ఉడికిన గ్రుడ్డొకటి. మెత్తగ వండిన అన్నమో జొన్నసంకటియో 300 గ్రాములు. ఉడికిన గుమ్మడియో, గాజరగడ్డయో పిడికెడు. నూనె రెండు చెంచాలు. ఉప్పు, కారము, తాళింపు కూడవు. దీనికి గ్రుడ్డుపెంకుల పొడి చిన్నచెంచాలో సగము చేర్చవలెను. పెంకులను కడిగి, ఉడికించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తని పిండివలె చేయవలెను; ఒక గ్రుడ్డుపెంకులో దాదాపు రెండు గ్రాముల సున్నముండును. ఇదంతయు దాదాపు 830 కేలరీలగును. ఇంత చేసినను జింకు, అయొడిన్, డి, ఇ విటమినులు చాలవు. అందులకు పశువైద్యుని యడిగి ఖనిజముల, విటమినుల పొడిని చేర్చుకొనవలెను. పెంకులపొడిని ఇంటివంటకే చేర్చవలెను, మూటతిండికి చేర్చరాదు.

మాంసము వండని గృహములవారు కుక్కను పెంచుట మానవలసిన పనిలేదు. పిల్లియైనచో మాంసము లేక బ్రదుకజాలదు. కుక్క యట్లు గాదు. అయితే వట్టి పప్పన్నము చాలదు. గ్రుడ్డు పెట్టుటకు ఒప్పుకొనువారికి దారి సులభము. అదియు కూడదన్నచో సోయాగింజలతో జేయు మీల్‌మేకరులో నూటికి 50 పాళ్ళు మాంసకృత్తులుండును గాని, తక్కిన లోపములను ఇంటిలో పూరించుట కష్టము. అట్టివారు శాకాహార సంపూర్ణాహారపు మూటనే కొనుట క్షేమము.

సగము మూటతిండి, సగము ఇంటితిండి యనునది మన ఇండ్లలో ఎక్కువగ జరుగు పద్ధతి. మూటలోని లెక్క సంపూర్ణమైనది. దానిపై నూటికి పదిపాళ్ళ కేలరీలవరకు ఇతరములు చేర్చినను చెడదు. సగమే తీసివేసి ఆ చోట అన్నము నింపినచో ఆ లెక్క చెడును. సగము పెట్టువారు, పైన జెప్పిన కొలతలలో సగము మాంసము, గ్రుడ్డు, పెంకుపొడితోనే ఆ చోటు నింపవలెను.

మిగిలిన తిండిని గూర్చి యొక మాట గట్టిగ జెప్పవలసియున్నది. ఈ దారిలో బిర్యాని హోటలు లేని చోటు లేదు. ఆదివారము మిగిలిన బిర్యాని కుక్కకు వేయుట మన కెంతో ఉదారముగ దోచును. అందులో వేయించిన ఉల్లి యున్నది. ఉల్లియు, వెల్లుల్లియు పచ్చివైనను వండినవైనను కుక్కరక్తములోని ఎఱ్ఱకణములను బగులగొట్టును. ఉడికిన కోడియెముక చీలి సూదివలె పేగులో గ్రుచ్చుకొనును. పండుగనాటి పాయసములోని కిస్మిస్, ద్రాక్ష మూత్రపిండములను జెఱచును. చాకొలెట్టు విషము. చక్కెరలేని బిళ్ళలలో వాడు జైలిటాల్ అంతకన్న విషము. అది తినిన కొలదిసేపటికే కుక్క తూలి పడును. ఇట్టివి తినెనని తెలిసినచో వాంతియగునేమో యని వేచియుండక పశువైద్యశాలకు గొనిపోవలెను.

ఎంత పెట్టవలె నన్నదానికి మూటపై వ్రాసినది ఆరంభము మాత్రమే. అరచేతితో ప్రక్కటెముకలు తడవి చూడుడు. తేలికగ తగిలినచో సరి, నొక్కినగాని తగలనిచో తిండి ఎక్కువ, కంటికే కనబడుచున్నచో తక్కువ. అమెరికాలో 48 లాబ్రడారు కుక్కలను పుట్టినది మొదలు చచ్చువరకు గమనించి 2002లో ఫలితములు ప్రకటించిరి. తోడికుక్కకన్న నాలుగవవంతు తక్కువ తినినవి దాదాపు రెండేండ్లు ఎక్కువ బ్రదికినవి. కీళ్ళనొప్పులును ఆలస్యముగ వచ్చినవి. కొలచిపెట్టుట పిసినారితనమని అనువారికి ఈ సంగతి చెప్పవచ్చును. తిండిమూటలో ఒక గిన్నెను కొలతకై ఉంచినచో షిఫ్టు మారినప్పుడు ఇంటిలో ఇద్దరు రెండుమారులు పెట్టుటయు తప్పును.

నీరు తిండిలో భాగమే. 15 కిలోల కుక్క దినమునకు ముప్పాతిక లీటరు మొదలు లీటరువరకు త్రాగును. ఎండకాలమున అంతకన్న ఎక్కువ. మనము త్రాగు నీరే దానికిని పోయుడు. ఉదయము త్రిప్పుటకు గొనిపోయినప్పుడు నాలాలలో, వాగులలో మూతి పెట్టనీయకుడు. 2007లో స్వీడను పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధికేంద్రము నుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు గనుగొనిరి. ఆ లెక్క ఆనాటిదే యైనను, కర్మాగారముల నడుమ పారు నీటిని నమ్మి త్రాగించుటకు కారణ మేమియు లేదు.

తిండి కుక్కకు పడినదా లేదా యని పేడను జూచి చెప్పవచ్చును. ఉండగట్టి, చేతికాగితముతో నెత్తునట్లు వచ్చినచో పడినట్లే. గోకుకొనుచున్నదని వెంటనే తిండి మార్చువారు మొదట చెవులవెనుక, వ్రేళ్ళసందులలో గోమారులను వెదకవలెను. మన యెండలలో దురదకు తరచుగ అవియే కారణము. అవి లేక, ఏడాదిపొడవున దురద యున్నచో తిండిని అనుమానింపవచ్చును. పడనివి సాధారణముగ గొడ్డుమాంసము, పాలు, కోడి, గోధుమలు. అట్టప్పుడు వైద్యుని సలహాపై అది మునుపెన్నడు దినని మాంసము నొక్కదానినే ఎనిమిది వారములు పెట్టి చూతురు. ఆ ఎనిమిది వారములలో పిల్లలు దొంగతనముగ వేయు బిస్కట్టొకటి చాలును, శ్రమయంతయు వ్యర్థమగుటకు.

క్రొత్తమూట తెచ్చిన నాడే పాతది మానిపింపకుడు. మొదటి రెండునాళ్ళు మూడుపాళ్ళు పాతది, ఒకపాలు క్రొత్తది. పిమ్మట రెండునాళ్ళు సగము సగము. పిమ్మట మూడుపాళ్ళు క్రొత్తది. ఏడవనాటికి పూర్తిగ క్రొత్తది. నడుమ విరేచనములైనచో ఒక మెట్టు వెనుకకు దిగుడు.

ఇంకను కుక్కను తేనివారికి మాత్ర మొక లెక్క మిగిలియున్నది. 35 కిలోల లాబ్రడారునకు దినమునకు 1600 కేలరీలు. అనగా 15 కిలోల నాటుకుక్క తిండికి దాదాపు రెట్టింపు, పది పండ్రెండేండ్లవరకు. వీధిలో పుట్టిన నాటుపిల్ల వెల లేకయే దొరకును, మన యెండ కోర్చును, కాపలాకు తీసిపోదు. ఆ మిగులు సొమ్ములో టీకాలకును, శస్త్రమునకును సరిపోవునంత మొదటి యేటనే చేతిలో నుండును.